బకెట్టు ధర్మం

కుళాయి కారడం మొదలైతే గృహస్థు చేయవలసిన మొదటి పని కింద బకెట్టు పెట్టడం. రెండోది ఆ సంగతి మరిచిపోవడం. మారతహళ్లి నుంచి సర్జాపూర్ రోడ్డు దాకా బెంగళూరు తెలుగు కుటుంబాలు ఈ నియమాన్ని ఎంతో నిష్ఠగా పాటిస్తున్నాయి. బకెట్టు పొంగి బాల్కనీలోకి వచ్చినప్పుడు మాత్రమే ప్లంబరుకు ఫోన్ చేయాలి. ఆయన కన్నడంలో "నాళె బర్తీని సార్", అంటే రేపొస్తాను సార్, అంటాడు. ఒకప్పుడు ఈ ఊళ్లో దెయ్యం రాకుండా తలుపుల మీద "నాళె బా", అంటే రేపు రా, అని రాసేవాళ్లు. పాపం, దెయ్యం అది చదివి వెళ్లిపోయి మర్నాడు ఠంచనుగా మళ్లీ వచ్చేదట. అంత క్రమశిక్షణ అందరికీ ఉండదు.

ఈ ఆచారాన్ని చెడగొట్టే దుర్మార్గులు కొందరుంటారు. వాళ్ల కోసమే ఈ వివరాలు.

200 మిల్లీలీటర్ల గ్లాసును కారే కుళాయి కింద పెట్టి గడియారం చూడండి. 20 నిమిషాల్లో నిండితే రోజుకు 14.4 లీటర్లు పోతున్నట్టు. ట్యాంకరు యజమానికి మీరిచ్చే ఈ కానుకను ఆపాలనుంటే సింకు కింద గోడకుండే చిన్న వాల్వు, అదే యాంగిల్ కాక్, మూసి, కుళాయి తిప్పి మిగిలిన నీళ్లు వదిలేయండి. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కండి. కుక్కకపోతే పిడి స్క్రూ నేరుగా అందులోకే దూకుతుంది. దానికి వేరే చోటు నచ్చదు. ఆ స్క్రూ ఎర్ర, నీలం బిళ్ల కింద దాక్కుని ఉంటుంది. బిళ్లను గోటితో లేపితే చాలు, సుత్తి అక్కర్లేదు.

పాతకాలపు కుళాయి, అంటే నాలుగైదు చుట్లు తిప్పేది అయితే, లోపల రబ్బరు వాషరు అరిగిపోయి ఉంటుంది. మనవాళ్లు దీనికి కనిపెట్టిన వైద్యం ఇంకా గట్టిగా బిగించడం. బిగించిన కొద్దీ రబ్బరు నలుగుతుంది, ఆ తర్వాత అది కూర్చునే ఇత్తడి సీటు మీద గీతలు పడతాయి, అప్పుడు కొత్త వాషరు వేసినా కారుతుంది. కండబలం ఉన్న ఇళ్లలో కుళాయిలు త్వరగా పోయేది ఇందుకే.

పావు చుట్టుతో తెరుచుకునే కొత్త రకంలో వాషరు బదులు సిరామిక్ బిళ్లలున్న కార్ట్‌రిడ్జ్ ఉంటుంది. బోరునీటి సున్నం ఆ బిళ్లల మధ్య చేరితే అదీ కారుతుంది. మార్చాలంటే పాతదాన్ని జేబులో వేసుకుని షాపుకు వెళ్లాలి. "అరంగుళం" అంటే సరిపోదు. పిడి కూర్చునే పళ్లు ఒకదానికి 20 ఉంటాయి, ఇంకొకదానికి 24. పైగా వేడినీళ్లది ఒక వైపు తిరిగితే చన్నీళ్లది రెండో వైపు తిరుగుతుంది. ఫొటో చూపించి కొనేవాళ్లు మూడోసారి వచ్చేసరికి షాపువాడు కుర్చీ వేస్తాడు.

కుళాయే మార్చాల్సి వస్తే మర మొనను మీవైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున టెఫ్లాన్ టేపు పది చుట్లు చుట్టండి. తిరగేసి చుడితే బిగించేటప్పుడే జడకుచ్చులా బయటికొస్తుంది.

ఇక ఏరేటరు, అంటే ధారలో గాలి కలిపి నీళ్లు పొదుపు చేసేందుకు కుళాయి మూతికి బిగించే జాలీ బిళ్ల. 2024 మార్చి నీటి కరువులో బెంగళూరు నీటి మండలి అపార్ట్‌మెంట్లు, హోటళ్లలో కుళాయిలకు వీటిని పెట్టమని ఆదేశించింది. పెట్టాం. కొన్నాళ్లకు జాలీలో తెల్ల పెంకులు చేరి ధార సన్నబడింది. అప్పుడు ఏరేటరు విప్పి చూడడం మర్యాద కాదు. అపార్ట్‌మెంట్ గ్రూపులో "ప్రెజర్ లేదు" అని పెట్టి, వాచ్‌మన్‌ను ట్యాంకు ఎక్కించాలి. మర్యాద అక్కర్లేనివాళ్లు కుళాయి మూతికి గుడ్డ చుట్టి, పట్టకారుతో మెల్లగా విప్పి, జాలీని వెనిగర్‌లో అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతారు. వెనిగర్ లేకపోతే అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు. పాలరాతి మీద మాత్రం ఇవి ఒలకనివ్వకండి, మచ్చ పడితే పోదు.

అయితే ఇందులో సోడా ఉప్పు కలపకపోతే వాట్సాప్ చిట్కాల మీద గౌరవం లేనట్టే. కలపగానే బుస్సుమని పొంగుతుంది, ఇల్లంతా మూగి చూస్తుంది. సున్నాన్ని కరిగించాల్సిన పులుపు సోడాతో పోట్లాటకే ఖర్చయిపోయి, మిగిలేది చప్పటి నీళ్లు. ఆవకాయా మంచిదే, పాయసమూ మంచిదే, కలిపితే ఇంకా మంచిదని ఎవరన్నారో తెలియదు. బాత్‌రూమ్ యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలపడం గురించి మాత్రం వ్యంగ్యం లేకుండా చెప్పాలి: వద్దు. క్లోరిన్ వస్తుంది, ఊపిరాడదు.

అంతా సవ్యంగా చేస్తే రాత్రికి చుక్కల చప్పుడు ఆగిపోతుంది. పొద్దున పనిమనిషి వచ్చి ఖాళీ బకెట్టు చూసి, "అక్కా, నీళ్లేవి?" అని అడుగుతుంది. ఇన్నాళ్లూ ఇల్లు తుడిచింది ఆ నీళ్లతోనే.