రంగం రేవులో గీసిన గీత

బర్మా (ఇప్పటి మయన్మార్) రేవు నగరం రంగూన్‌ను ఉత్తరాంధ్రలో పాతతరం వాళ్ళు రంగూన్ అనరు, ‘రంగం’ అంటారు. ‘మా తాత రంగం పోయాడు’ అన్న మాట శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఎన్నో ఇళ్ళలో వినబడేది. వాళ్ళకది పరాయి దేశం కాదు. 1885 యుద్ధంలో బర్మా రాజుల రాజధాని మాండలే కూడా పడిపోయాక బర్మా మొత్తం బ్రిటిష్ ఇండియాలో కలిసిపోయింది. పాస్‌పోర్టు గొడవ లేదు. కూలీలను కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడితే, ఆ అప్పుతోనే కాకినాడలోనో విశాఖలోనో ఓడెక్కేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మా వాళ్ళు వీళ్ళని కోరంగీలు అని పిలిచేవారు.

1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. సొంత నగరంలోనే తక్కువమందైపోయిన బర్మా మనిషికి ఎలా ఉంటుంది? మనవాళ్ళ కష్టాలు చెప్పుకునేటప్పుడు ఈ ప్రశ్న దాటేస్తుంటాం. అది తప్పు.

1930 మే నెల చూడండి. కూలి పెంచమని తెలుగు కూలీలు రేవులో సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను దించాయి. తీరా రాజీ కుదిరాక, ఎప్పటిలాగే పనికొచ్చిన బర్మా వాళ్ళను రేవులోనే ఆపి, ఇక మీ అవసరం లేదన్నారు. గొడవ అక్కడ మొదలై ఊరంతా పాకింది. చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే. ఇద్దరు పేదవాళ్ళకు ఒకే పని చూపించి కొట్టుకునేలా చేసిన యజమానులకు మాత్రం దెబ్బ తగల్లేదు.

1932 ఎన్నికల్లో ఇండియా నుంచి విడిపోవద్దన్న పక్షాలే గెలిచాయి. అయినా లండన్ తన లెక్క ప్రకారమే నడిచింది. 1937 ఏప్రిల్ 1న బర్మాను విడదీసింది. పుట్టించిన సమస్యను పరిష్కరించకుండా మధ్యలో ఒక గీత గీసి వదిలేసింది. 1942లో జపాన్ సైన్యం వచ్చేసరికి లక్షలాది మంది భారతీయులు అడవుల వెంట నడిచి మన సరిహద్దు చేరారు; దారిలో రాలిపోయిన వాళ్ళు వేలల్లో ఉన్నారు.

1948 జనవరి 4న బర్మా స్వతంత్ర దేశమైంది. 1962లో సైన్యాధిపతి నే విన్ సైనిక పాలన వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళలో దుకాణాలు జాతీయమయ్యాయి, పెద్ద నోట్లు చెల్లకుండా పోయాయి. సుమారు మూడు లక్షల మంది భారతీయులు తిరుగు ఓడెక్కారు. ఒంటిమీది నగలు కూడా రేవులోనే తీసేసుకున్నారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు వాళ్ళలో కొందరు దిగిన చోటు.

నన్ను ఎక్కువగా బాధించేది బర్మా 1982 పౌరసత్వ చట్టం. 1823కు ముందు నుంచి ఆ నేలమీద ఉన్న జాతులే పుట్టుకతో పౌరులంటుంది అది. 1823 ఎందుకు? 1824లో మొదటి ఆంగ్లో–బర్మా యుద్ధం మొదలైంది కనుక. తెల్లవాడి పాలనను తుడిచేస్తామన్న సైనికులు, ఎవరు తమవాళ్ళో తేల్చడానికి అతను వచ్చిన ఏడాదినే కొలతగా పెట్టుకున్నారు. పౌరుల్లోనూ అంతస్తులు పెట్టి గులాబీ, నీలం, ఆకుపచ్చ కార్డులిచ్చారు. జాతుల జాబితాలో పేరే లేని, బర్మా పడమటి అంచున ఉండే ముస్లింలైన రోహింగ్యాల్లో అత్యధికులకు ఆ మూడిట్లో ఏదీ దక్కలేదు. 2017లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయినప్పుడు కూడా, వీళ్ళు ఇంగ్లీషువాడి కాలంలో వచ్చిన బెంగాలీలేనన్నది అక్కడి సైన్యం వాదన.