సవరణ: కుర్సురా రేడియో గది గురించి

విశాఖ ఆర్కే బీచ్‌లోని జలాంతర్గామి మ్యూజియం ఐఎన్ఎస్ కుర్సురా మీద రాసిన గత పోస్టులో, జలాంతర్గామి ఎంత లోతున ఉన్నా రేడియో గదిలోంచి ఒడ్డుతో మాట్లాడేవారని ఉంది. అది నిజం కాదు. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు అదే చెప్పే ప్రమాదం ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఉప్పునీరు కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది. అందుకే మామూలు రేడియో తరంగాలు సముద్రంలోకి దిగీ దిగకముందే చచ్చిపోతాయి. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య, అంటే చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉండే తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతు వరకూ వెళ్తాయి. వాటిని పంపాలంటే నేల మీద చాలా పెద్ద యాంటెన్నాలు కావాలి. తిరునెల్వేలి దగ్గర 1990లో మొదలైన ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అలాంటి నౌకాదళ కేంద్రమే. అంత యాంటెన్నా జలాంతర్గామిలో పట్టదు కదా! అందుకే అది ఆ సందేశాలు వినగలదు గానీ, తిరిగి జవాబివ్వాలంటే దాదాపు పైకి వచ్చి యాంటెన్నా నీటిపైకి ఎత్తాల్సిందే. సిబ్బందికి అసలు టెన్షన్ అప్పుడే, శత్రువు కంటపడేది అక్కడే.

లోతులో చుట్టూ ఏముందో తెలుసుకోవడానికి పనికొచ్చేది సోనార్. అది వాడేది రేడియో కాదు, శబ్దం. శబ్దం నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది.

గత పోస్టులో ఉన్న, కుర్సురాను 2001లో విధుల నుంచి తప్పించడం, 2002లో మ్యూజియంగా తెరవడం అనే వివరాలు సరైనవే. వాటిని మార్చలేదు.