ఏడో గ్రీన్ ఎడమ పక్క బంకర్ గారికి సంజాయిషీ నోటీసు

మహారాజశ్రీ బంకర్ గారి సముఖానికి,

మన గోల్ఫ్ క్లబ్బు గౌరవ కార్యదర్శి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఆనవాయితీ కొద్దీ అలా రాశాను గానీ కుశలంగా ఉన్నది తమరొక్కరే. సభ్యుల పరిస్థితి ఏమీ బాగాలేదు.

దారితప్పిన బంతుల్ని పట్టడానికి తవ్విన ఇసుక గుంత అయిన తమరిని పూడ్చేసి, పైన గడ్డి పరిచి, వీలైతే అంచు వెంబడి నాలుగు బంతిపూల మొక్కలు నాటించాలని కొందరు సభ్యులు సంతకాలు చేసి అర్జీ ఇచ్చారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఓటింగు. ఈలోగా తమ సంజాయిషీ కోరడం నా విధి. తమరు జవాబివ్వలేరని తెలుసు. జవాబివ్వలేని వాళ్లకే నోటీసులు అందజేయడం మన దగ్గర మొదటినుంచీ ఉన్న పద్ధతే కదా.

తమ మీద మోపిన ప్రధాన నేరం అన్యాయంగా ప్రవర్తించడం. "బాగా కొట్టిన బంతిని కూడా మింగేస్తోందండీ" అని అర్జీలో మొదటి సంతకం పెట్టిన సాఫ్ట్‌వేర్ వైస్ ప్రెసిడెంటు గారి ఆరోపణ. ఆ బాగా కొట్టిన బంతి కథ నాకు తెలుసు. టీ మీంచి, అంటే మొదటి దెబ్బ కొట్టే చోటునుంచి, బయల్దేరి వేపచెట్టును పలకరించి, అక్కడినుంచి మన హైదరాబాదు బండరాయి మీద ఒక్క గెంతు గెంతి, తిన్నగా వచ్చి తమ ఒడిలో కూర్చుంది. సగం ఇసుకలో, సగం బయట. అలా దిగబడిన బంతిని పుస్తకాల్లో ఫ్రైడ్ ఎగ్ అంటారు, మన కర్రల సంచులు మోసే క్యాడీలు హాఫ్ ఫ్రై అంటారు. వైస్ ప్రెసిడెంటు గారు శుక్రవారం దాకా కోకాపేట ఆఫీసులో పిల్లలకి "ఓటమిని ప్రేమించండి" అని పాఠం చెప్పి వచ్చిన మనిషి. మొదటి దెబ్బకి ఇసుక మాత్రం జెండా పాతిన నున్నటి గడ్డి, అదే గ్రీన్ మీదకి చేరింది, బంతి చేరలేదు. రెండో దెబ్బకి బంతి తమ గోడకి కొట్టుకుని ఆయన బూటు దగ్గరికే తిరిగొచ్చింది. మూడోది, నాలుగోది నేను లెక్కపెట్టలేదు. స్కోరు కార్డు మీద ఆయన కూడా లెక్కపెట్టలేదు.

నిజానికి ఆయనకి దారి ఉంది. 2019లో నిబంధనలు మార్చినప్పుడు, బంకర్‌లో ఆడటం చేతకాకపోతే రెండు దెబ్బల జరిమానా వేసుకుని బంతిని బయటికి తెచ్చి, వెనకాల గడ్డిమీద వదులుకోవచ్చన్నారు. ఆ నిబంధన మన క్లబ్బులో ఎవరైనా వాడుకోగా నేను చూడలేదు. నాలుగు దెబ్బలు ఇసుకని బాదడంలో లేని నామోషీ, రెండు దెబ్బలు ఒప్పుకోవడంలో ఉన్నట్టుంది.

ఆయన వెళ్లాక జరిగింది తమరికి బాగా గుర్తుండి ఉంటుంది. నోటీసులో ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. క్యాడీ కుర్రాడు చెప్పులు అంచున విడిచి లోపలికి దిగాడు. ముందు బూటుకాళ్ల గుంటలు పూడ్చాడు. తర్వాత రేక్‌ని తిరగేసి, దాని వీపుతో ఇసుకని గోడ వైపు ఎగదోసి, మళ్లీ పళ్లవైపు తిప్పి సన్నగా గీతలు లాగుతూ వెనక్కి నడిచాడు. తన పాదాల జాడలు తనే చెరుపుకుంటూ పల్లం వైపు నుంచి బయటికొచ్చాడు. ఆడినవాడే సర్ది వెళ్లాలన్నది ఆట మర్యాద. అప్పటికి ఆడినాయన ఎనిమిదో టీ దగ్గర కొబ్బరినీళ్లు తాగుతూ తమరిని తిడుతున్నారు.

ఆ కుర్రాడే సోమవారం క్లబ్బు సెలవు రోజున తోటి క్యాడీలతో ఆడతాడు. ఇసుకలోంచి బంతిని లేపే కర్రని వెడ్జ్ అంటారు, అతనిది సభ్యుడెవరో పారేసిన పాతది, పిడి దగ్గర టేపు చుట్టింది. తమ ఇసుకలోంచి ఒక్క దెబ్బకి బంతిని జెండా కర్ర పక్కన వేస్తాడు. ఇది సాక్ష్యంగా చేర్చుదామంటే "క్యాడీల సంగతి ఇక్కడెందుకండీ" అన్నారు కమిటీలో. రాయల్ కలకత్తా క్లబ్బులో మైదానం చూసుకునే ఉద్యోగి కొడుకు చౌరాసియా 2016లోనూ, 2017లోనూ వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడని గుర్తుచేశాను. "గ్రేట్ స్టోరీ" అని ఒకాయన సెల్‌ఫోన్ చూసుకున్నారు.

ఇక అసలు విషయం. తమకు శిక్ష పడాలని సంతకాలు పెట్టిన వీళ్లే సాయంత్రం బార్‌లో కూర్చుని తమ జాతి గురించి ఎంత భక్తితో మాట్లాడుకుంటారో తమరు వినాలి.

కల్నల్ గారు రెండో పెగ్గు దగ్గర స్కాట్లండ్ చేరతారు. "గోల్ఫంటే లింక్స్ అయ్యా. సముద్రపు గాలి, ఇసుక దిబ్బలు. మిగతావన్నీ మునిసిపల్ పార్కులే." సెయింట్ ఆండ్రూస్‌ ఓల్డ్ కోర్సులో 112 బంకర్లట. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న చోట్ల పుట్టిన గుంతలే ఈ వంశానికి మూలపురుషులని చెబుతారు. పద్నాలుగో హోల్‌లో ఒకదాని పేరు హెల్. 1995లో జాక్ నిక్లాస్ అంతటివాడు అందులో చిక్కి ఆ హోల్‌ని పది దెబ్బలకి ముగించాడు. పదిహేడో హోల్ బంకర్ దగ్గరికి వచ్చేసరికి కల్నల్ గారి గొంతు గద్గదమవుతుంది. 1978 బ్రిటిష్ ఓపెన్ పోటీ, మూడో రౌండు. జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు దెబ్బల్లో గ్రీన్ ఎక్కాడు. పట్టర్ అనే కర్రతో మెల్లగా తోసిన బంతి వాలులో జారి జారి బంకర్‌లోకి దిగింది. బయటికి రావడానికి నాలుగు దెబ్బలు, మొత్తం తొమ్మిది. ఆ ఇసుకకి ఆయన పేరే స్థిరపడిపోయింది.

"అక్కడ నాలుగు దెబ్బలైతే అంత గొప్పగా చెప్పుకుంటున్నారు, ఇక్కడ నాలుగైతే అర్జీయా కల్నల్ గారూ?" అని అడిగాను. ఆయన సంతకం అర్జీలో మూడోది.

"అది చరిత్రయ్యా. ఇది గొయ్యి."

పోనీ ఓల్డ్ కోర్సు పద్ధతులే మనమూ పాటిద్దామా అన్నాను. అది ఊరుమ్మడి భూమి. ఆదివారం మామూలుగా ఆట ఉండదు, ఊళ్లోవాళ్లు పిల్లల్ని, కుక్కల్ని వెంటబెట్టుకుని ఫెయిర్‌వేల మీద, అంటే ఆట సాగే గడ్డి బాటల మీద షికారు తిరుగుతారు. మనమూ ఆదివారాలు గేటు తెరిచి చుట్టుపక్కల బస్తీవాళ్లని రానిద్దామన్నాను. బార్‌లో ఏసీ చప్పుడు అంత స్పష్టంగా అంతకు ముందెన్నడూ వినపడలేదు. కాసేపాగి కోశాధికారి గారు చికెన్ మెజెస్టిక్ ఇంకో ప్లేటు చెప్పారు.

డాక్టర్ గారిది వేరే మతం. ఆయన ఇష్టదైవం అమెరికాలోని ఆగస్టా నేషనల్ కోర్సు, ప్రవక్త అలిస్టర్ మెకంజీ. "మెకంజీ మా వృత్తివాడు, డాక్టరు. బోయర్ యుద్ధంలో శత్రువులు కందకాలు కనపడకుండా తవ్వుకోవడం చూసి, ఆ మాయనే గోల్ఫ్ కోర్సుల్లోకి తెచ్చాడు." ఇది నిజమే. గోల్ఫ్ చాంపియన్ బాబీ జోన్స్‌తో కలిసి ఆగస్టాకి రూపకల్పన చేసింది ఆయనే. 1934లో అక్కడ మొదటి మాస్టర్స్ పోటీ జరగడానికి రెండు నెలల ముందు కన్నుమూశాడు. పూర్తయిన కోర్సుని ఆటతో నిండుగా చూసుకోనేలేదు. "ఆగస్టాలో బంకర్లు కొన్నే, కానీ ఒక్కొక్కటీ పెళ్లికూతురులా ఉంటుంది" అంటారు డాక్టర్ గారు. ఆ తెల్లదనం నార్త్ కరొలినాలోని స్ప్రూస్ పైన్ గనుల క్వార్ట్జ్‌ది. అదే ఊరి మేలురకం క్వార్ట్జ్‌తోనే కంప్యూటర్ చిప్పుల సిలికాన్‌ని కరిగించే మూసలు చేస్తారని వైస్ ప్రెసిడెంటు గారు అందుకున్నారు, అదేదో తమ కంపెనీ ఘనత అయినట్టు. "లారీ ఎంత పడుతుంది?" అన్నారు కోశాధికారి గారు. ఇల్లు కట్టుకునే మనిషి కనుక ఇసుక మాటెత్తితే ఆయనకి రేటు తప్ప ఇంకోటి వినపడదు.

డాక్టర్ గారి సంతకం అర్జీలో ఐదోది. తమరు పెళ్లికూతురులా లేరట.

ఆ రోజు డల్లాస్ నుంచి వచ్చిన ఒక సభ్యుడి తోడల్లుడు కూడా ఉన్నారు. ఆయనకి ఇవేవీ ఆనవు. విస్కాన్సిన్‌లోని విస్లింగ్ స్ట్రెయిట్స్‌లో ఆడొచ్చారు మరి. చదునైన పాత సైనిక శిబిరం మీద పీట్ డై అనే ఆయన మట్టి పోయించి, వెయ్యికి అటూఇటూగా బంకర్లు తవ్వించాడు. ఎన్నో బంకర్లకి ఆటతో పనేలేదు, ఊరికే అలా పడి ఉంటాయి. అది గోల్ఫ్ కోర్సు కాదు, మయసభ. దుర్యోధనుడి పాత్రకి 2010లో డస్టిన్ జాన్సన్ దొరికాడు. పీజీఏ చాంపియన్‌షిప్ ఆఖరి హోల్, ఒక్క దెబ్బ ఆధిక్యం. బంతి కుడివైపు జనంలోకి వెళ్లింది. ఇసుక వేస్తే రాలనంత జనం, నిలబడింది కూడా ఇసుకలోనే. తొక్కి తొక్కి అది బంకరన్న ఆనవాలే లేదు. పాపం మామూలు నేలే అనుకుని బంతి వెనక కర్ర ఆనించాడు, బంకర్‌లో అలా ఆనించకూడదు. రెండు దెబ్బల జరిమానా, విజేతని తేల్చే ప్లేఆఫ్ చేజారింది, కప్పు మార్టిన్ కైమర్‌కి దక్కింది. అవన్నీ బంకర్లేనని ఆటగాళ్ల గదిలో నోటీసు అంటించే ఉంది. నోటీసు బోర్డు చదవని జబ్బు మన క్లబ్బుదొక్కటే కాదని తెలిసి నాకు కొంత ఊరట కలిగింది.

అర్ధరాత్రి దాకా ఏది గొప్ప కోర్సన్న వాదన సాగింది. లింక్స్‌లో చెట్టే లేదు, అది ఆటస్థలమా బీడా అని డాక్టర్ గారు. ఆగస్టాలో గడ్డికి క్షవరం చేసి పౌడరు రాస్తారు, అది ఆటస్థలమా బ్యూటీ పార్లరా అని కల్నల్ గారు. మీ ఇద్దరిలో ఎవరైనా వాటిలో ఆడారా అని తోడల్లుడు గారు. ఇద్దరూ ఆడలేదు, టీవీలో చూశారు. అందరూ ఏకాభిప్రాయానికి వచ్చిన అంశం ఒక్కటే: తమరిని పూడ్చాలి.

నా గోడు కూడా కాస్త రాసుకోనివ్వండి. పరాయి దేశంలో ఇంకొకడు పడే కష్టమైతే డిజైను, మన వాకిట్లో మనం పడితే అన్యాయం. ఈ లెక్కన బాబీ జోన్స్ కూడా అర్జీ పెట్టాల్సింది. 1921లో ఓల్డ్ కోర్సు పదకొండో హోల్ బంకర్‌లో చిక్కుకుని, విసిగిపోయి పోటీనే వదిలేశాడు. ఆరేళ్ల తర్వాత అదే కోర్సుకి వచ్చి ఓపెన్ గెలిచాడు. మధ్యలో ఎవరూ బంకర్‌ని పూడ్చలేదు. అమెరికా ఆటగాడు జీన్ సారజెన్ అయితే పనిముట్టు మీదే పడ్డాడు. వెడ్జ్ అడుగుభాగానికి లోహం దళసరిగా అతికించి, ఇసుకలో దిగబడకుండా జారిపోయేట్టు చేసి, 1932 ఓపెన్ దాన్ని పెట్టుకునే గెలిచాడు. టైగర్ వుడ్స్‌ది ఇంకా తేలిక మార్గం. 2000లో సెయింట్ ఆండ్రూస్‌లో నాలుగు రోజులూ ఆడి ఒక్క బంకర్‌లోనూ పడలేదు. ఈ మార్గం మన సభ్యులకి సూచించాను, సభామర్యాద కాదన్నారు.

తమ పక్షాన రాయదగ్గ మంచి కూడా ఒకటుంది. తమరు ఎవరికీ ప్రవేశం లేదనలేదు. 1933లో మొదలైన ఆగస్టా నేషనల్ తొలిసారి ఆడవాళ్లకి సభ్యత్వం ఇచ్చింది 2012లో. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బుకి 2014 దాకా మనసొప్పలేదు. 2016లో స్కాట్లండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్ క్లబ్బులో ఇదే విషయం మీద ఓటింగు పెడితే మూడింట రెండొంతుల మెజారిటీ రాలేదు. ఓపెన్ పోటీ ఇక మీ దగ్గర జరిపేది లేదనగానే మరుసటి ఏడాదికి జ్ఞానోదయమైంది. మన క్లబ్బులో లేడీస్ కెప్టెన్ గారు తమలోంచి ఒక్క దెబ్బలో బయటపడతారు. అర్జీ మీద ఆవిడ సంతకం అడగడానికి ఎవరూ వెళ్లలేదు.

ఇంకో సంగతి. కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన తెలుగింటి కుర్రాడు సాహిత్ తీగల 2024 టూర్ చాంపియన్‌షిప్‌లో, అట్లాంటా ఈస్ట్ లేక్ కోర్సులో, మూడో రౌండు ఆడుతూ బంకర్‌లో పడ్డాడు. కర్ర వెనక్కి ఎత్తుతుంటే ఇసుక రేణువులు కదిలినట్టు అతనికి అనిపించింది. కొట్టడానికి కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు అది ఇసుకని తాకకూడదు. తనే అధికారిని పిలిచి చెప్పి, రెండు దెబ్బల జరిమానా వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. కోట్ల డాలర్ల పోటీ అది. మన బార్‌లో ఈ కథ చెప్పగానే "మనోడండీ!" అని అందరూ గ్లాసులెత్తారు. ఆ వెంటనే వైస్ ప్రెసిడెంటు గారు నా వైపు వంగి మెల్లగా అడిగారు: "కెమెరాలో పడిందనే చెప్పాడా, లేకపోయినా చెప్పాడా?"

కావున తమరు పదిహేను రోజుల్లోగా సంజాయిషీ దాఖలు చేయవలెను. లేనిచో తమకు చెప్పుకోవడానికేమీ లేదని భావించి తదుపరి చర్య తీసుకోబడును. ఈలోపు వానలు పడితే తమరు చెరువైపోతారు కాబట్టి విచారణ వాయిదా పడే అవకాశమూ ఉంది. డ్రైనేజీ పైపు వేయించమని కమిటీకి ఎప్పుడో రాశాను. ఆ కాగితం ఇంకా కోశాధికారి గారి టేబుల్ మీదే ఉంది.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి

తా.క.: తమరిని పూడ్చేట్టయితే పైకి తీసిన ఇసుక ఎవరికన్న విషయమై అప్పుడే రెండు దరఖాస్తులు అందాయి. ఒకటి కోశాధికారి గారిది, మణికొండలో మూడో అంతస్తు వేస్తున్నారు. రెండోది వైస్ ప్రెసిడెంటు గారిది. ఆయన తన విల్లా వెనక పెరట్లో సొంతంగా ఒక చిన్న బంకర్ కట్టించుకుంటున్నారట, ప్రాక్టీసుకి.