రొయ్యల బాకీ తేలాలంటే హైదరాబాద్ వెళ్లాలా?

చెరువు గట్టు మీద 40 కౌంట్ (కిలోకు 40 రొయ్యలు) అని తేల్చి, కాటా వేసి, లారీ ఎక్కించిన రొయ్య కొనే కంపెనీ ప్లాంటుకు చేరేసరికి 45 కౌంట్, అంటే చిన్న రొయ్య అని ధర తగ్గిస్తారు. సాఫ్ట్ (పెంకు మెత్తబడిన రొయ్య) ఉందని ఇంకొంత కోస్తారు. మిగిలిన డబ్బు వారంలో అని చెప్పి నెలలు గడిపేస్తారు. రైతు చేతిలో ఉండేది ఒక చీటీ, ఫోన్‌లో నాలుగు వాట్సాప్ మెసేజీలు.

భీమవరం చుట్టుపక్కల ఇలాంటివి చాలావరకు పెద్దమనుషుల్లోనే తేలతాయి. అది తప్పేం కాదు. సరుకు గురించి వాళ్లకు తెలిసినంత ఏ జడ్జికీ తెలియదు. అయితే ఒప్పుకున్న సొమ్ము అవతలివాళ్లు ఎగ్గొడితే పెద్దలు చేయగలిగిందేమీ లేదు. మళ్లీ కోర్టు, మళ్లీ వాయిదాలు.

హైదరాబాద్‌లో 2021లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు), మీడియేషన్ (రాజీ) కేంద్రం వచ్చింది. పెద్ద కాంట్రాక్టులకు మంచిదే. ఎనిమిది లక్షల బాకీ కోసం రైతు అక్కడిదాకా వెళ్లడు. చిన్న పరిశ్రమల చట్టం 45 రోజులు దాటిన బాకీకి చక్రవడ్డీ ఇప్పిస్తుంది కానీ, అది కోనసీమలో కొబ్బరి పీచు యూనిట్‌కు వర్తిస్తుంది, రొయ్యల చెరువుకు వర్తించదు.

మరి దారి? 1996 ఆర్బిట్రేషన్ చట్టంలోనే ఉంది. మధ్యవర్తి లాయరే అయి ఉండాలని ఆ చట్టం ఎక్కడా అనలేదు. 'మా తగాదా ఫలానా ముగ్గురు తేల్చాలి' అని ఇద్దరూ ముందే కాగితం మీద రాసుకుంటే, గొడవ వచ్చాక రాసుకున్నా సరే, వాళ్లు సంతకం చేసి ఇచ్చిన తీర్పు కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. దాన్ని కొట్టేయించడానికి కారణాలు బహు తక్కువ.

చిక్కంతా మనిషి దగ్గరే. మధ్యవర్తి ఏ పక్షానికీ దగ్గరి బంధువు, వ్యాపార భాగస్వామి కాకూడదు. మన ఊళ్లల్లో చుట్టరికం లేని పెద్దమనిషి దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. పోనీ కొనే కంపెనీయే పెడుతుందా అంటే, అలా ఏకపక్షంగా ఒక్కరినే నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది.

సంస్థ కావాల్సింది సరిగ్గా ఇందుకే. కాకినాడ, భీమవరం, అమలాపురం వర్తక సంఘాలు కలిసి ఒక ప్యానెల్ పెట్టాలి. భీమవరం తగాదాకు కాకినాడ మనిషి, కాకినాడ తగాదాకు అమలాపురం మనిషి కూర్చోవాలి. తీర్పు పద్ధతిగా రాయడానికి ఒక లాయరు, ముందే నిర్ణయించిన ఫీజు ఉండాలి. రొయ్యలు పట్టినప్పుడు రాసే ప్రతి పట్టుబడి చీటీ వెనక ఆ ప్యానెల్ పేరు, విచారణ జరిగే ఊరు, కింద ఇద్దరి సంతకాలు ఉండాలి. వచ్చే పంటకు చెరువులు నింపేలోపు ఈ చీటీ నమూనా తయారుచేయడం సంఘాల చేతిలో పనే.