వనస్పతి గారికి ఒక అసంతృప్తుడి లేఖ

మహారాజశ్రీ వనస్పతి గారి దివ్యసముఖమునకు, ముప్పై ఏళ్లుగా ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం బోధిస్తూ, అంతకు రెట్టింపు శ్రద్ధతో మిఠాయిలు తింటూ వస్తున్న ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకున్న లేఖ.

పువ్వు పూయకుండానే కాయ కాసే చెట్టును సంస్కృత నిఘంటువులు వనస్పతి అంటాయి. పాడి లేకుండా, కవ్వం లేకుండా, వెన్న కాచకుండా నెయ్యిలా పూస కట్టి కూర్చున్న తమకు ఆ పేరు పెట్టినవారెవరో గాని గడుసువారు. నేతిబీరకాయలో నెయ్యి లేదని లోకమంతా వేళాకోళం చేస్తుంది కాని, పాపం, ఆ కాయ ఏనాడూ నెయ్యి డబ్బాలో దూరి కూర్చోలేదు.

1902లో విల్‌హెల్మ్ నార్మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త, నూనెకు నికెల్ సమక్షంలో హైడ్రోజన్ పట్టించి గడ్డ కట్టించే పద్ధతికి పేటెంటు పొందాడు. తమ వంశం అక్కడ మొదలు. నూనెలోని ఓలియిక్ ఆమ్లానిది 18 కార్బన్ల గొలుసు. దాని నడుమన ఒక ద్విబంధం, అంటే రెండు కార్బన్లు ఒక చేయి చాలక రెండు చేతులా పట్టుకున్న చోటు. ఆ చోట రెండు హైడ్రోజన్లూ ఒకే వైపున ఉండటంతో గొలుసు మోచేయిలా వంగుతుంది. కొడవళ్లను కట్ట కట్టడం ఎంత కష్టమో వీటిని పేర్చడమూ అంతే కష్టం కనుక, సుమారు 13 డిగ్రీలకే ఇది కరిగిపోతుంది. ద్విబంధం లేని స్టియరిక్ ఆమ్లం చీపురు పుల్లల్లా ఒద్దికగా సర్దుకుంటుంది. అది కరగాలంటే 69 డిగ్రీలు కావాలి.

హైడ్రోజన్ ఇంకా పుచ్చుకోగలిగిన మొదటి రకాన్ని పాఠ్యపుస్తకాలు అసంతృప్త కొవ్వు అన్నాయి. అసంతృప్తులను బుజ్జగించడం మనకు తెలియని విద్య కాదు. తలా ఒక పదవి ఇస్తే సరి. అందరికీ ఇచ్చి ఉంటే తమరు పూర్తిగా సంతృప్తులై మైనంలా బిగుసుకుపోయేవారు గాని, ట్రాన్స్ అన్న మాట పుట్టేది కాదు. గరిటెకు మెత్తగా రావాలన్న ఆశతో పనిని సగంలో ఆపడంతోనే వచ్చింది గొడవంతా. ఒక హైడ్రోజన్ పుచ్చుకున్న గొలుసు, రెండోది అందేలోగా అటూ ఇటూ తిరిగి, ఒకదాన్ని వదిలేసి మళ్లీ ద్విబంధంగా నిలబడుతుంది. కాకపోతే ఈసారి హైడ్రోజన్లు చెరో వైపున ఉంటాయి. దీన్ని రసాయన శాస్త్రంలో ట్రాన్స్ అంటారు, శాసనసభలో ఫిరాయింపు అంటారు.

ఫిరాయించిన గొలుసుకు వంపు పోతుంది. పేరుకు అసంతృప్తమే అయినా నడత సంతృప్తానిది. కరగడానికి సుమారు 45 డిగ్రీలు అడుగుతుంది. నా నోట్లో ఉన్నవి 37. తమతో చేసిన లడ్డూ తిన్నాక అంగిలికి అంటుకుని, వేడి కాఫీ పోస్తే గాని కదలని ఆ పొరకు కారణం చాలావరకు ఈ తేడాయే. మామూలు సంతృప్త కొవ్వు చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచి ఊరుకుంటుంది. తమ ఫిరాయింపుదారులు మంచిదాన్ని తగ్గించి మరీ వెళతారు. 2022 నుంచి వీరు నూటికి 2 పాళ్లు మించరాదని ప్రభుత్వం కట్టడి చేసింది. అప్పుడు ఆదుకోవడానికి పుట్టుకతోనే సగం సంతృప్తమైన పామాయిల్ ఉండనే ఉంది.

తమరు నెయ్యిలో దూరినా దొరికిపోవాలని, మన చట్టం తమలో నూటికి ఐదు పాళ్లు నువ్వుల నూనె కలపమంది. కిందటి నెల మా ప్రయోగశాలలో, దుకాణంలో కొన్న ‘స్వచ్ఛమైన నెయ్యి’ని కరిగించి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, చిటికెడు పంచదార వేసి కుదిపాను. కాసేపటికి అడుగున తేరిన ఆమ్లం, నువ్వుల నూనె ఉంటే వచ్చే గులాబీ రంగుకు తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు తమ ఇళ్ల నుంచి చిన్న చిన్న సీసాల్లో నెయ్యి తెచ్చి నా బల్ల మీద వరుసగా పెట్టారు. మధ్యాహ్నానికి వాటిలో మూడు గులాబీ రంగు తిరిగాయి. చివరి సీసా మా ఇంటిది. దాని మూత నేనింకా తీయలేదు.

చిత్తగించవలెను.