ఫోన్ వేగం ఎంతో మన ఎండలో కొలిచి చెప్పండి

స్నాప్‌డ్రాగన్ 8 ఎలీట్ చిప్ ఉన్న ఫోన్ కొనబోతే షాపింగ్ సైట్‌లో 4.32 గిగాహెర్ట్జ్ అని కనిపిస్తుంది. ఆ అంకె అబద్ధం కాదు. కాకపోతే అది చిప్ కాసేపు అందుకోగలిగే గరిష్ఠ వేగం, రోజంతా నిలబెట్టుకునే వేగం కాదు. మే నెల మధ్యాహ్నం రెండింటికి ఖమ్మంలోనో రెంటచింతలలోనో అదే ఫోన్ ఏ వేగంతో నడుస్తుందో మాత్రం ఏ కంపెనీ చెప్పదు. చెప్పి తీరాలని ప్రభుత్వమే రూలు పెట్టాలి, ఇక్కడ మొహమాటం అక్కర్లేదు.

పనిని బట్టి చిప్ వేగాన్ని పెంచడం, తగ్గించడం తప్పని నేను అనడం లేదు. ఇంటెల్ 2000లోనే స్పీడ్‌స్టెప్ పేరుతో దీన్ని ల్యాప్‌టాప్‌లలోకి తెచ్చింది. వేగం రెట్టింపైతే చిప్ తినే కరెంటూ రెట్టింపవుతుంది, అదే వోల్టేజీ రెట్టింపైతే నాలుగింతలవుతుంది. అందుకే రెండింటినీ చెరో 20 శాతం తగ్గిస్తే పని వేగం ఐదో వంతు తగ్గుతుంది గానీ కరెంటు ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది. ఇంత లాభసాటి బేరం ఇంజినీరింగ్‌లో అరుదు. ఈ కిటుకే లేకపోతే ఉదయం ఛార్జ్ చేసిన ఫోన్ సాయంత్రం దాకా నిలబడేది కాదు.

ఇబ్బందల్లా ఆ తగ్గించడాన్ని మన దగ్గర దాచడంతోనే. పాత బ్యాటరీలున్న ఐఫోన్ల వేగాన్ని ఆపిల్ చెప్పకుండా తగ్గించిన సంగతి 2017లో బయటపడింది. 2020లో ఫ్రాన్స్ వేసిన 2.5 కోట్ల యూరోల జరిమానా కూడా వేగం తగ్గించినందుకు కాదు, ఆ విషయం కొన్నవాళ్లకు చెప్పనందుకు. 2022లో శాంసంగ్ వంతు వచ్చింది. యాప్ పేరు చూసి వేగాన్ని కట్టడి చేస్తూ, వేగాన్ని కొలిచే యాప్‌లను మాత్రం వదిలేస్తోందని తేలాక, అలాంటి కొలత యాప్ నడిపే గీక్‌బెంచ్ సంస్థ ఎస్10 నుంచి ఎస్22 దాకా నాలుగు తరాల ఫోన్లను తన జాబితాలోంచి తీసేసింది. ఇవన్నీ మీకు తెలిసినవే. మన దగ్గర దీనికి ఇంకో పెద్ద కోణం ఉంది, దాని గురించే ఎవరూ మాట్లాడరు. అదే ఎండ.

మామూలు ఫోన్లలో ఫ్యాన్ ఉండదు. లోపల పుట్టిన వేడి ముందున్న అద్దం గుండా, వెనక కవర్ గుండా గాల్లోకి పోవాల్సిందే. ఎంత పోతుందన్నది ఫోన్ పైభాగానికీ బయటి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. చెయ్యి కాలకూడదు కాబట్టి ఫోన్ పైభాగం వేడిని ఒక హద్దు దాటనివ్వరు, ఆ హద్దు 43 డిగ్రీలనుకుందాం. రివ్యూ చేసే ఏసీ గదిలో 25 డిగ్రీలుంటే తేడా 18. బయట నీడలో 40 ఉంటే తేడా 3. ఫోన్ అదే, చిప్ అదే, కానీ బయటికి పంపగలిగే వేడి సుమారు ఆరో వంతుకు వచ్చేసింది. ఇక చిప్‌కు వేగం తగ్గించుకోవడం తప్ప వేరే దారేముంది? పైగా వేడెక్కిన చిప్‌లో పనేమీ చేయకపోయినా వృథాగా కారిపోయే కరెంటు పెరుగుతుంది, అది మళ్లీ వేడే పుట్టిస్తుంది.

ఇది నీడలో మాట. ఎండ నేరుగా పడితే లెక్కే మారిపోతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల వేడి పడుతుంది. 7 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉన్న ఫోన్ మీద 10 వాట్ల పైమాటే! కొంత అద్దం తిప్పికొట్టినా సరే, మామూలు ఫోన్ నిలకడగా బయటికి పంపగలిగేదే నాలుగైదు వాట్లు.

హైదరాబాద్‌లో డెలివరీ చేసే కుర్రాడి బండి చూడండి. హ్యాండిల్‌కి బిగించిన ఫోన్, ఆన్‌లో ఉన్న జీపీఎస్, మొబైల్ డేటా, ఎండలో కనబడాలని ఫుల్లుగా పెట్టిన బ్రైట్‌నెస్, పవర్ బ్యాంక్ నుంచి ఛార్జింగ్. కాసేపటికి స్క్రీన్ దానంతటదే మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది, మ్యాప్ ఒక మలుపు వెనక నడుస్తుంది. మలుపు తప్పి ఆర్డర్ ఆలస్యమైతే రేటింగ్ పడిపోయేది అతనికే గానీ ఫోన్‌కి కాదు. ఉపాధి హామీ పనుల్లో హాజరుకు రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటోలు తీయాలని 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. ఆ ఫొటోలు తీసే మేట్, అంటే కూలీల పని చూసుకునే మనిషి, నిలబడేది చెరువు గట్టు మీద, నడివేసవిలో. అతని చేతిలో ఉండేది మంచి కూలింగ్ ఉన్న లక్ష రూపాయల ఫోన్ కూడా కాదు. ఆపిల్ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని స్వయంగా చెబుతోంది. మార్చి నెలాఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా మన ఊళ్లలో మధ్యాహ్నం ఆ హద్దులోపల ఉండే రోజులెన్ని?

కంపెనీల జవాబు తెలిసిందే. వేగం తగ్గించడం ఫోన్‌ను, బ్యాటరీని, వాడేవాడి చేతిని కాపాడటానికే అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. ఒక్కో యాప్‌కు ఒక్కోలా ఉంటుంది, జనానికి ఇన్ని అంకెలు అర్థం కావు అని కూడా అంటారు. ఇది మాత్రం ఒప్పుకోను. గిగాహెర్ట్జ్, మెగాపిక్సెల్, ఛార్జింగ్ వాట్లు అర్థమయ్యే జనానికి ‘40 డిగ్రీల్లో ఇరవై నిమిషాల తర్వాత 60 శాతం వేగం’ అని రాస్తే ఎందుకు అర్థం కాదు?

ఏసీల విషయంలో మనం ఈ పని ఎప్పుడో చేశాం. ఏసీ కరెంటును ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే, 2018 నుంచి తప్పనిసరైన ఐఎస్ఈఈఆర్ కొలతలో బయట 24 డిగ్రీల నుంచి 43 డిగ్రీల దాకా ఏడాదిలో ఎన్నెన్ని గంటలు ఉంటాయో లెక్కగట్టి, దాన్ని బట్టి స్టార్లు ఇస్తున్నారు. మన వేసవిని కొలతలో పెట్టమని ప్రభుత్వం అడిగింది, కంపెనీలు కొలిచి లేబుల్ అంటించాయి. అడగకపోతే ఎక్కడో చల్లటి ల్యాబ్‌లో వచ్చిన అంకెలే మనకూ గతి. ఫోన్లొక్కటే కాదు, మన ఇళ్లలోకి వచ్చే వైఫై రూటరు, ఈవీ స్కూటర్ ఛార్జరు, సీసీ కెమెరా దేన్ని తీసుకున్నా ఇదే ప్రశ్న అడగాలి. కొనేది మనం, వాడేది మన ఎండలో, కొలిచేది మాత్రం ఇంకెవరి వాతావరణంలోనో అంటే ఎలా కుదురుతుంది?

యూరప్‌లో 2025 జూన్ నుంచి ఫోన్లకు లేబుల్ తప్పనిసరి. బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, కిందపడితే తట్టుకుంటుందా, రిపేరుకు వీలుందా అన్నవి అందులో ఉంటాయి. వాళ్లకు ముఖ్యమైనవి వాళ్లు అడిగారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా రిపేరు సూచీ కోసం 2024లో కమిటీ వేసింది. ఆ సూచీ పక్కనే వేడి లెక్క ఒక్క లైను చేర్చితే చాలు. కొలిచే పద్ధతి కొత్తగా కనిపెట్టనక్కర్లేదు, వేగాన్ని కొలిచే 3డీమార్క్ యాప్‌లో ఇరవై నిమిషాలపాటు ఆగకుండా నడిచే స్ట్రెస్ టెస్ట్ ఇప్పటికే ఉంది. దాన్ని 25 డిగ్రీల్లో ఒకసారి, 40 డిగ్రీల్లో ఒకసారి నడిపి రెండు అంకెలూ ధర పక్కనే వేయాలి. రూలు వచ్చేదాకా తెలుగు యూట్యూబ్ రివ్యూయర్లు ఆగనక్కర్లేదు. వచ్చే మే నెలలో స్టూడియో ఏసీ కట్టేసి, ఫోన్‌నీ థర్మామీటర్‌నీ డాబా మీద నీడలో పెట్టి ఆ టెస్ట్ నడిపి చూపిస్తే కంపెనీలే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.