‘వెంటిలేటర్ పెడితే పిల్లాడి బుర్ర పోతుంది’ అనే మాటకు జవాబు

పసిబిడ్డ ఐసీయూలో ఉందని తెలిస్తే చాలు, బంధువుల ఫోన్ల నుంచి ఒక మాట వచ్చి పడుతుంది. దాని సారాంశం ఇది: “వెంటిలేటర్ పెట్టనివ్వకండి, అది మెదడును తినేస్తుంది. రోజుల తరబడి ఇచ్చే మత్తుకు తెలివి చచ్చిపోతుంది. ఎక్మో మిషన్ దాకా వెళ్ళిన పిల్లలెవరూ మామూలు మనుషులు కాలేదు. ప్రాణం పోయాక కూడా బిల్లు కోసం మిషన్ తిప్పుతారు. సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకోండి.” ఇది నమ్మి, బతికే అవకాశం ఉన్న బిడ్డను తీసుకెళ్ళిపోతే ఆ తప్పును దిద్దుకునే దారి ఉండదు. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు చెబుతున్నాను.

“వెంటిలేటర్ మెదడును తినేస్తుంది.”

వెంటిలేటర్ ఊపిరితిత్తుల్లోకి ఆక్సిజన్ కలిసిన గాలిని పంపుతుంది, బొగ్గుపులుసు వాయువును బయటికి పోనిస్తుంది. నిమోనియా ముదిరిన బిడ్డకు, డెంగీ షాక్‌లోకి జారిన బిడ్డకు, మెదడువాపు వచ్చిన బిడ్డకు, నీళ్ళలో మునిగిన బిడ్డకు దాన్ని తగిలించేది మెదడుకు ఆక్సిజన్ ఆగిపోకూడదనే. రక్తపోటు పడిపోవడం, ఊపిరి అందకపోవడం, మూర్ఛలు రావడం లాంటి మెదడును దెబ్బతీసే కారణాలు చాలాసార్లు యంత్రం రాకముందే మొదలై ఉంటాయి. తర్వాత బిడ్డకు మాట తడబడితే కంటికి కనిపించిన యంత్రం మీద నింద పడుతుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకే రాల్చిందనుకున్నట్టు ఉంటుంది ఇది.

తప్పు నిజంగా యంత్రానిదే అయితే, మెదడుకు సంబంధం లేని కారణంతో వెంటిలేటర్ ఎక్కిన పిల్లలకు కూడా బుర్ర పోవాలి కదా. కట్లపాము కాటు సంగతి చూడండి. నేల మీద పడుకున్న పిల్లల్ని రాత్రిపూట కరుస్తుంది, చాలాసార్లు గాటు కూడా సరిగ్గా కనిపించదు. నరాల నుంచి కండరాలకు వెళ్ళే సంకేతాన్ని దాని విషం ఆపేస్తుంది. రెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, చివరికి ఊపిరి ఆగుతుంది. టార్చి వేసినా కంటిపాప కదలకపోవచ్చు, కాబట్టి చూసినవాళ్ళు అంతా అయిపోయిందనుకుంటారు. కానీ సకాలంలో ఊపిరి అందించగలిగితే లోపల మెదడు చెక్కుచెదరదు. రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉండి, విషం ప్రభావం తగ్గాక నడిచి ఇంటికి వెళ్ళే పిల్లలున్నారు. గులియన్ బారీ సిండ్రోమ్ అనే, నరాలు దెబ్బతిని కండరాలు పడిపోయే జబ్బులో వారాల తరబడి యంత్రం మీద ఉండి కూడా మునుపటి తెలివితోనే బయటపడేవాళ్ళున్నారు.

అసలు ఐసీయూ పుట్టిందే ఇలాంటి పిల్లల కోసం. 1952లో కోపెన్‌హాగెన్‌ను పోలియో ముంచెత్తినప్పుడు, బ్లెగ్డామ్ ఆసుపత్రిలో బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు ఊపిరాడని 12 ఏళ్ళ అమ్మాయికి గొంతు దగ్గర రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, చేత్తో సంచి నొక్కుతూ శ్వాస అందించాడు. ఆ తర్వాత వందలాది మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని రాత్రింబవళ్ళు అదే పని చేశారు. ఊపిరి పడిపోయినవారిలో 80 శాతం దాటి ఉన్న మరణాలు సగానికి తగ్గాయి.

అలాగని జబ్బు ఏ గుర్తూ వదలదని అనను. దాన్ని కొలిచినవాళ్ళున్నారు. 2022లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అందులో పోలిక ఊరి పిల్లలతో కాదు, అదే ఇంట్లో పెరిగిన తోబుట్టువులతో. శ్వాస విఫలమై వెంటిలేటర్ మీద ఉన్న 121 మంది పిల్లల్ని కొన్నేళ్ళ తర్వాత పరీక్షిస్తే వాళ్ళ ఐక్యూ (తెలివితేటల కొలత, మామూలు జనంలో సగటు 100) సగటు 101.5, తోబుట్టువులది 104.3. తేడా ఉంది, ముఖ్యంగా మరీ చిన్న వయసులో జబ్బుపడినవారిలో. కానీ రెండు గుంపుల సగటూ వంద దాటింది. డిశ్చార్జి నాటికే మెదడు తీవ్రంగా దెబ్బతిన్న పిల్లలు ఈ లెక్కలో లేరన్నది కూడా గుర్తుంచుకోవాలి.

“మత్తుకు తెలివి చచ్చిపోతుంది.”

ఈ భయం తల్లిదండ్రులదే కాదు, డాక్టర్లకూ ఉండేది. అందుకే ఏడు దేశాల్లో హెర్నియా ఆపరేషన్ చేయించుకున్న 722 మంది పసికందులకు, సగం మందికి పూర్తి మత్తు, సగం మందికి నడుము దగ్గర ఇంజెక్షన్‌తో తిమ్మిరి మాత్రమే ఇచ్చి చూశారు. అయిదేళ్ళ వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదని 2019లో ప్రకటించారు. అది గంటలోపు మత్తు, ఐసీయూలో రోజుల మత్తుకు దాన్ని సాక్ష్యంగా చూపలేం. కానీ పైన చెప్పిన తోబుట్టువుల అధ్యయనంలోని పిల్లలు రోజుల తరబడి మత్తులో ఉన్నవాళ్ళే. వాళ్ళ తెలివి చచ్చిపోలేదు. మత్తు ఎక్కువైతే బిడ్డ అయోమయంలో పడే మాట నిజమే కాబట్టి, “ఈ రోజు డోసు తగ్గించగలరా?” అని రోజూ అడగడం మంచిదే. మత్తే వద్దంటే మాత్రం గొంతులో గొట్టంతో బిడ్డ పెనుగులాడుతుంది.

“ఎక్మో ఎక్కినవాళ్ళెవరూ మామూలు మనుషులు కాలేదు.”

ఎక్మో రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపుతుంది. కాలిఫోర్నియాలో రాబర్ట్ బార్ట్‌లెట్ బృందం దీనితో మొదటిసారి ఒక పసికందును బతికించింది 1975లో. ఈ మాటకు గట్టి జవాబు బ్రిటన్ పరిశోధనలో ఉంది. ఊపిరితిత్తులు పనిచేయక చావు అంచున ఉన్న 185 మంది నవజాత శిశువుల్లో ఎవరికి ఎక్మో, ఎవరికి మామూలు చికిత్స అన్నది చీటీ వేసినట్టు నిర్ణయించారు. 1996లో ఫలితాలు వచ్చాయి. ఎక్మోకు వెళ్ళిన 93 మందిలో 30 మంది పోయారు, మామూలు చికిత్సలో 92 మందిలో 54 మంది పోయారు. బతికిన పిల్లల్ని ఏడేళ్ళ వయసులో మళ్ళీ చూశారు. పరీక్షించినవారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది తెలివితేటలు మామూలు స్థాయిలో ఉన్నాయి. కొందరికి చెవుడు వచ్చింది, కొందరు చదువులో వెనకబడ్డారు. అయితే ఆ ఇబ్బందులు రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉన్నాయి. ఎక్మో ముఖం చూడని పిల్లలకూ అవే ఎందుకొచ్చాయో, ఈ సందేశం పంపేవాళ్ళు చెప్పాలి.

ఎక్మోకు ప్రమాదాలు లేవనుకోకండి. గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. దానివల్ల మెదడులో రక్తస్రావం జరగొచ్చు, గడ్డ వెళ్ళి పక్షవాతం రావచ్చు. పైగా నవజాత శిశువుల ఊపిరితిత్తుల జబ్బుల్లో వచ్చే ఫలితాలు, గుండె ఆగినప్పుడు ఎక్మో పెట్టిన పిల్లల్లో రావు. ఇంకో మాట కూడా దాచకూడదు. ఐసీయూ గొట్టాల ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం రక్తంలోకి దిగడానికీ, నాలుగేళ్ళ తర్వాత పిల్లల్లో కనిపించిన ఏకాగ్రత లోపానికీ సంబంధం ఉందని బెల్జియంలోని ల్యూవెన్ పరిశోధకులు 2016లో చూపించారు. అలాంటి లోపాలు బయటపడితే పరికరాలు మార్చుకోవాలి కానీ, ఊపిరి ఆపుకోలేం.

ఈ సందేశం నిజానికి దగ్గరగా వచ్చేది ఒక్క చోటే, అదీ గుండె ఆగిపోయినప్పుడు. గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్నాక కోమాలో ఉన్న పిల్లల మీద అమెరికా తదితర దేశాల్లో రెండు పెద్ద పరిశోధనలు జరిగాయి. ఆసుపత్రి బయట గుండె ఆగినవారిలో, ఏడాది తర్వాత బతికి ఉండి తమ పనులు చేసుకోగలుగుతున్నవారు చికిత్స పద్ధతిని బట్టి 12 నుంచి 20 శాతం. ఆసుపత్రిలోనే ఆగినవారిలో 36 నుంచి 39 శాతం. రెండు చోట్లా వెంటిలేటర్ ఉంది. ఫలితాన్ని ఎక్కువగా తేల్చేవి గుండె ఎందుకు ఆగింది, ఛాతీ నొక్కడం ఎంత త్వరగా మొదలైంది అన్నవి. నీళ్ళలో మునిగిన బిడ్డకు ఛాతీ నొక్కకుండా చెరువు గట్టున పోయిన నిమిషాల్ని ఏ ఐసీయూ వెనక్కి తేలేదు.

“ప్రాణం పోయాక కూడా మిషన్ తిప్పుతారు.”

సినిమాల్లో చూపినంత తేలిక కాదు. గుండె ఆగిన ఒంట్లో వెంటిలేటర్ ఛాతీని కదిలించగలదు తప్ప రక్తాన్ని నడపలేదు, ఒళ్ళు చల్లబడి బిగుసుకుపోతుంది. బ్రెయిన్ డెత్ (మెదడు తిరిగి కోలుకోకుండా పూర్తిగా ఆగిపోవడం) వేరు, అందులో గుండె కొంతకాలం కొట్టుకుంటుంది. అవయవదానం కోసం దాన్ని నిర్ధారించాలంటే 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. బిల్లు భయం మాత్రం నిజమైనదే, ఎందరో పొలాలు అమ్ముకున్నారు. రోజువారీ లెక్క అడగండి, ఆరోగ్యశ్రీ లాంటి పథకం వర్తిస్తుందేమో కనుక్కోండి, రిపోర్టులు ఇంకో డాక్టరుకు చూపించండి.

డాక్టరును అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. గుండె ఆగిందా, ఆగితే ఎంతసేపు? మూర్ఛలు వచ్చాయా? స్కానులో, ఈఈజీలో (మెదడు విద్యుత్ సంకేతాల పరీక్షలో) ఏముంది? మత్తు తగ్గించినప్పుడు బిడ్డ కళ్ళు తెరిచి చూస్తోందా?

ఇంటికొచ్చి ఆడుకుంటున్నాడు కాబట్టి ఇక చూపించక్కర్లేదనుకోవడం కూడా పొరపాటే. ఏకాగ్రత, జ్ఞాపకం తగ్గిన సంగతి బడికి వెళ్ళాకే బయటపడొచ్చు. వినికిడి నెలల తర్వాత తగ్గొచ్చు కాబట్టి మొదటి బెరా (వినికిడి) పరీక్ష బాగున్నా మళ్ళీ చేయించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఉన్న డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే పట్టి చికిత్స చేసే) కేంద్రాల్లో ఫిజియోథెరపీ, మాట, వినికిడి, ఎదుగుదల పరీక్షలు 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఉచితం. డిశ్చార్జి సమ్మరీలో వెంటిలేటర్ ఎన్ని రోజులు, గుండె ఆగిందా, మూర్ఛలు వచ్చాయా, మళ్ళీ ఎప్పుడు చూపించాలి అన్నవి రాయించుకుని, ఆ కాగితం పట్టుకుని వెళ్ళండి.